రాదా, నేర్పలేదా?

జూన్ మూడో వారం. బడులు తెరిచి నాలుగైదు రోజులే అయింది. భవిత కేంద్రం నుంచి టీచర్ గారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నారు. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితాలు. మా చిన్నోడికి తొమ్మిదేళ్ళు. ఈ ఏడాది వాడికి ఏం నేర్పాలో ప్లాన్ రాయాలట. దానికి ముందు వాడికి ఇప్పుడు ఏం వచ్చో తెలియాలట.

"అమ్మా, చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటాడా?"

"పెట్టుకుంటాడండీ," అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

వెనకాల వంటింటి గడపలో వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తమ్మ ఊరుకోలేదు. "ఎప్పుడెట్టుకున్నాడే? రోజూ బడి టయానికి నువ్వే కదేటి గబగబా ఎట్టి తోలేస్తావు!"

నా మొహం చూడాల్సింది. టీచర్ గారు నవ్వలేదు, నన్ను తప్పు పట్టలేదు, కాగితం మీద ఏమీ రాయలేదు కూడా. "ఒక చొక్కా ఇవ్వండమ్మా, చూద్దాం," అన్నారు అంతే. వాడు చొక్కా తొడుక్కుని, కింద రెండు బొత్తాలు తనే పెట్టుకున్నాడు. మూడోదానికి ఆవిడ "కన్నం పట్టుకో" అంటే పెట్టాడు. మెడ దగ్గరది రాలేదు. నేను "వచ్చు" అన్నాను. అత్తమ్మ "రాదు" అంది. ఇద్దరం తప్పే.

ఇంకో ప్రశ్న. "కొట్టుకి వెళ్ళి ఒక వస్తువు తెస్తాడా?"

ఈసారి నిజమే చెప్పాలనుకుని "తేడండీ, వాడికి రాదు," అన్నాను.

"ఎప్పుడైనా పంపించారా?"

"లేదండీ. భయం."

ఆవిడ ఆ గడిలో రెండక్షరాలు రాశారు. ఎన్.ఇ. అంటే ఏంటని అడిగాను. "రాదు అని కాదమ్మా. ఆ అవకాశం వాడికి ఇంకా రాలేదు అని. రానిది వేరు, నేర్పనిది వేరు. రెండూ ఒకే గడిలో రాస్తే ప్లాన్ తప్పుతుంది," అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్ళుగా నేను వాడి గురించి "రాదు, రాదు" అని చెప్పుకున్నవాటిలో ఎన్నిటికి ఆ రెండక్షరాలు రాయాలి? అంత తేడా చూపించే ఆ కాగితం ఎవరు తయారు చేశారు? పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. తర్వాత టీచర్ గారిని అడిగాను. ఆవిడ తన ట్రైనింగ్ పుస్తకాలు ఇచ్చారు. ఒక్క కాగితం వెనక నూట ఇరవై ఏళ్ళ చరిత్ర ఉందని అప్పుడు తెలిసింది. మన అమ్మలందరికీ పనికొచ్చే చరిత్ర అది. అందుకే రాస్తున్నాను.

దానికి ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ళ క్రితం సిటీలో ఒక చోట వాడికి పరీక్ష చేయించాం. నాతవరం నుంచి తెల్లవారుజామున బయల్దేరి, నర్సీపట్నంలో బస్సు మారి వెళ్ళేసరికి వాడికి వాంతులు. నిద్ర లేదు, తిండి లేదు. అక్కడ బొమ్మలు చూపించి పేర్లు అడిగారు. ఒక బొమ్మలో ఫోర్క్ ఉంది. మా ఇంట్లో ఫోర్క్ ఎక్కడిది? వాడు దాన్ని చూసి జుట్టు మీద దువ్వుకున్నట్టు చూపించాడు. అది తప్పు కింద రాసుకున్నారు. ముప్పావు గంటలో అయిపోయింది. రిపోర్టులో ఐ.క్యూ. 48 అని వచ్చింది.

ఆ 48 మా ఇంట్లో ఐదో మనిషిలాగా వచ్చి కూర్చుంది. మా ఆయన తరఫు చిన్నాన్నగారు ఆ కాగితం చూసి, "నలభై ఎనిమిదంటే ఇక్కడ మామూలు బడిలో ఏం లాభం? సిటీలో హాస్టల్ ఉన్న స్పెషల్ స్కూల్లో వేసేయండి. అక్కడ అందరూ ఇలాంటోళ్ళే ఉంటారు," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఈ జూన్‌లో తేల్చేయాలని మా ఆయన కూడా అనుకున్నారు. అంటే ఆ అరుగు మీద టీచర్ గారు రాస్తున్న కాగితాన్ని బట్టి వాడు మా దగ్గర ఉంటాడా, లేదా అన్నది ఉంది. నేను "బొత్తాలు పెట్టుకుంటాడు" అని అబద్ధమాడింది ఊరికే కాదు.

సరే, ఇక చరిత్రలోకి వెళ్దాం.

ఈ ఐ.క్యూ. అనే అంకెకి మూలం పారిస్ నగరం. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అప్పటికి అక్కడ పిల్లలందరూ బడికి రావాలని చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చినవాళ్ళలో కొందరు పాఠం అందుకోలేకపోతున్నారు. వాళ్ళలో ఎవరికి ప్రత్యేకమైన చదువు కావాలో ఎలా తెలుసుకోవాలి అన్నది ప్రశ్న. ఆ కమిషన్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన ఉన్నారు. అంతకు చాలా ముందే ఆయన ఇంట్లో తన ఇద్దరు ఆడపిల్లలు ఎలా చూస్తున్నారో, ఎలా ఆలోచిస్తున్నారో గమనించి వ్యాసాలు రాశారు. అంటే మనలాగే ఇంట్లో పిల్లల్ని చూసి నేర్చుకున్న మనిషి.

1905లో బినే, డాక్టర్ సిమోన్ కలిసి 30 చిన్న చిన్న పనుల పరీక్ష తయారు చేశారు. వెలిగించిన అగ్గిపుల్లని కళ్ళతో వెంబడిస్తాడా? కాగితంలో చుట్టి ఇచ్చిన మిఠాయిని, కాగితం విప్పి తింటాడా? మూడు అంకెలు చెబితే తిరిగి చెబుతాడా? ఇలా తేలికవాటి నుంచి కష్టమైనవాటికి మెట్లు మెట్లుగా ఉంటాయి. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చాక్లెట్ కాగితం విప్పడంలో మా వాడికి నూటికి నూరు వస్తాయి!

బినే ఒక మాట గట్టిగా చెప్పారు. ఈ పరీక్ష పిల్లాడు ఈ రోజు ఎక్కడ ఉన్నాడో చెబుతుంది కానీ, రేపు ఎక్కడిదాకా వెళ్తాడో చెప్పదు. తెలివి ఎంత ఉంటే అంతే, పెరగదు అనేవాళ్ళని ఆయన 1909లో రాసిన పుస్తకంలో గట్టిగా విమర్శించారు. వెనకబడిన పిల్లల కోసం శ్రద్ధ, జ్ఞాపకం పెంచే కసరత్తులు కూడా తయారు చేశారు. కొలవడం ఆయనకి నేర్పడం కోసమే. కానీ 1911లో ఆయన చనిపోయారు.

తర్వాత ఆ పరీక్ష చేతులు మారింది. 1912లో జర్మనీకి చెందిన స్టెర్న్ మానసిక వయసుని అసలు వయసుతో భాగించమన్నారు. 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని వందతో హెచ్చించారు. మెట్లు పోయాయి, ఒక్క అంకె మిగిలింది. పిల్లాడు మిఠాయి కాగితం విప్పాడా లేదా అన్నది ఎక్కడో అడుగున పడిపోయింది.

అంకె ఒక్కటే మిగిలితే ఏమవుతుందో అమెరికాలోనే కనబడింది. వర్జీనియా రాష్ట్రంలో కేరీ బక్ అనే పేద అమ్మాయి ఉండేది. పెళ్ళి కాకుండా తల్లి అయిందని ఆమెని తీసుకెళ్ళి ఒక సంస్థలో పెట్టారు. బినే పరీక్ష పెట్టి మందబుద్ధి అని రాశారు. ఆమె తల్లికీ అదే ముద్ర వేశారు. ఆమె కూతురు వివియన్‌కి అప్పటికి ఏడు నెలలు. ఒక ఉద్యోగిని వచ్చి ఆ పసిదాన్ని చూసి, ఏదో తేడాగా ఉంది అని సాక్ష్యం చెప్పింది. మూడు తరాలూ అంతే అని తేల్చి, 1927లో అమెరికా సుప్రీంకోర్టు అనుమతితో కేరీకి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. ఆ చిట్టితల్లి వివియన్ తర్వాత బడికి వెళ్ళింది. 1931లో మంచి మార్కులు వచ్చిన పిల్లల పట్టికలో ఆమె పేరు ఉంది. మరుసటేడు ఎనిమిదేళ్ళకే జబ్బుచేసి చనిపోయింది. ఏడు నెలల బిడ్డని ఒక చూపు చూసి రాసిన మాట, ఒక తల్లి జీవితాన్ని ఎలా మార్చేసిందో చూడండి. ఇది చదివాక మా ఇంట్లో ఉన్న 48ని నేను అంతకుముందులాగా చూడలేకపోయాను.

అయితే కథ అక్కడితో ఆగలేదు. అమెరికాలోనే న్యూజెర్సీలో వైన్‌లాండ్ అనే ఊరుంది. అక్కడి శిక్షణ పాఠశాలలో పనిచేసిన గొడార్డ్ అనే ఆయనే బినే పరీక్షని అమెరికాకి తెచ్చారు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఎడ్గర్ డాల్ తర్వాత అదే చోట పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు. డాల్ 1935లో వేరే రకం స్కేల్ తెచ్చారు. ఇందులో బొమ్మలు చూపించి పిల్లాణ్ణి అడగరు. వాణ్ణి రోజూ చూసేవాళ్ళని అడుగుతారు. సొంతంగా తింటాడా? మొహం కడుక్కుంటాడా? వీధిలో ఒంటరిగా తిరుగుతాడా? అలా 117 అంశాలు. పరీక్ష గదిలో తేలేది ఒకటైతే, ఇంట్లో బతికేది ఇంకొకటి అని ఆయన గుర్తించారు. ఒక తల్లికి తన బిడ్డ గురించి తెలిసిన సంగతులకి అలా లెక్కలో చోటు దొరికింది. మన దేశంలో నాగపూర్‌లో ఎ.జె. మాలిన్ అనే ఫాదర్ దీన్ని మన పిల్లలకి తగ్గట్టు 89 అంశాలతో మార్చారు. ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో అమ్మల్ని కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు చాలావరకు అవే. బినే పరీక్షని కూడా అంతకుముందే, 1930లలో, వి.వి. కామత్ గారు కన్నడ, మరాఠీ పిల్లల కోసం తిరగరాశారు. పిల్లలకి తెలిసిన భాషలో, తెలిసిన వస్తువులతో అడగాలన్న ఆలోచన మన దగ్గర అప్పుడే ఉంది. ఫోర్క్ బొమ్మ గుర్తొచ్చింది నాకు.

ఇంతవరకూ అంతా "ఎంత ఉంది?" అన్న ప్రశ్నే. "రేపు పొద్దున్న ఏం నేర్పాలి?" అన్న ప్రశ్నకి జవాబు కావాలి కదా. అది మనకి దగ్గర్లోనే దొరికింది. 1970లలో మద్రాసులో పి. జయచంద్రన్, వి. విమల అనే ఇద్దరు కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. దాని పేరు మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్. టీచర్లు ఎం.డి.పి.ఎస్. అంటారు. అందులో 18 విభాగాలు. నడక, వేళ్ళ పని, భోజనం, బట్టలు, శుభ్రత, మరుగుదొడ్డి, మాట అర్థం చేసుకోవడం, మాట్లాడటం, నలుగురితో మెలగడం, చదవడం, రాయడం, లెక్క, టైము, డబ్బు, ఇంటిపని, ఊళ్ళో తిరగడం, ఆటపాట, చేతి పని. ఒక్కోదానిలో 20 అంశాలు, మొత్తం 360. ఒక్కో విభాగంలో తేలికదాని నుంచి కష్టమైనదానికి వరుసగా ఉంటాయి. చేసేవాటికి నీలం రంగు, ఇంకా చేయనివాటికి ఎరుపు. నేర్చుకున్నకొద్దీ ఎరుపు మీదికి నీలం జరుగుతుంది. నీలం ఎక్కడ ఆగిందో అక్కడే రేపటి పాఠం. ఎంత తేలికగా అర్థమవుతుందో చూడండి. చదువు రాని అమ్మకైనా రంగులు కనబడతాయి.

నాకు అందులో బాగా నచ్చింది ఆ 18 విభాగాల పట్టికే. మనం ఇంట్లో చదువు అంటే చదవడం, రాయడం, లెక్కలు అనుకుంటాం. ఆ పట్టికలో అవి మూడే. మిగతా పదిహేనూ మన వంటింట్లో, పెరట్లో, వీధిలో ఉన్నవే.

1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ మొదలైంది. అప్పుడు ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. దేశం మొత్తానికి పనికొచ్చే పట్టికలు మన తెలుగు నేల మీద ఉన్న ఆ సంస్థలో తయారయ్యాయి. 1992లో రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు బేసిక్-ఎం.ఆర్. అనే స్కేల్ తెచ్చారు. మొదటి భాగంలో 280 పనులు ఉంటాయి. ఒక్కో పనికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు. తనంతట తనే చేస్తే 5. చిన్న సూచన ఇస్తే చేస్తే 4. మాటతో చెబితే చేస్తే 3. చెయ్యి పట్టి చేయిస్తే 2. పూర్తిగా మనమే చేస్తే 1. రెండో భాగంలో మొండితనం, కొట్టడం లాంటి 75 ఇబ్బందులు విడిగా ఉంటాయి. అల్లరికీ, రాకపోవడానికీ ముడిపెట్టకుండా వేరు చేశారన్నమాట.

అదే సంస్థలో జయంతి నారాయణ్ గారు, ఆమె సహచరులు కలిసి 1990లలో ఎఫ్.ఎ.సి.పి. అనే పట్టిక తయారు చేశారు. మా అరుగు మీదికి వచ్చింది ఇదే. వయసుని బట్టి, పిల్లాడి స్థాయిని బట్టి ప్రీ ప్రైమరీ నుంచి ప్రీ వొకేషనల్ దాకా వేరువేరు పట్టికలు ఉంటాయి. సొంత పనులు, నలుగురితో మెలగడం, చదువు, పని, ఆటపాట అని ఐదు భాగాలు. ఒక స్థాయిలో 80 శాతం వస్తే తర్వాతి స్థాయికి పంపుతారు. ఏడాదికి మూడుసార్లు మళ్ళీ చూస్తారు. అందులోదే ఆ ఎన్.ఇ. గడి. సికింద్రాబాద్‌లో ఆ గడి పెట్టినవాళ్ళు మన ఇళ్ళు బాగా చూసినవాళ్ళు అయ్యుంటారు అనిపించింది. ప్రేమతో పిల్లాడికి ఏ పనీ చెప్పని అమ్మల్ని, పరువు కోసం వీధిలోకి పంపని నాన్నల్ని.

చట్టాల సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాను. ఒక్కో పిల్లాడికీ విడిగా ప్లాన్ రాయాలనీ, ఆ ప్లాన్‌లో ఇప్పుడు పిల్లాడి స్థాయి ఏమిటో తప్పకుండా ఉండాలనీ 1975లో అమెరికా చట్టం చేసింది. ప్లాన్ రాసేటప్పుడు తల్లిదండ్రులు కూడా కూర్చోవాలని అందులోనే ఉంది. మన దేశంలో 1974లోనే వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బడుల్లో చేర్చే పథకం మొదలైంది. 1992లో స్పెషల్ టీచర్ల శిక్షణకి ఒక చట్టబద్ధమైన కౌన్సిల్ వచ్చింది. 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో ఇప్పుడున్న చట్టం వచ్చాయి. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. కనీసం 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకి ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గర్లోని బడిలోగానీ, వాళ్ళు కోరుకున్న ప్రత్యేక బడిలోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. బడి పిల్లల్లో ఎవరికి ఏ అవసరం ఉందో, అది ఎంతవరకు తీరుతోందో ఐదేళ్ళకోసారి సర్వే చేయాలని కూడా ఆ చట్టంలో రాశారు. మన ఆంధ్రాలో మండలాల్లో భవిత కేంద్రాలు పెట్టి, స్పెషల్ టీచర్లని ఇచ్చింది సర్వశిక్షా అభియాన్, ఇప్పుడది సమగ్ర శిక్ష.

చట్టం చదివితే ఒకటి అర్థమైంది. హాస్టల్‌లో వేయడమా, ఊళ్ళో ఉంచడమా అన్నది మా ఇష్టం. 48 వచ్చింది కాబట్టి పంపేయాలి అని ఎక్కడా లేదు.

సర్టిఫికెట్ వద్దని నేను అనడం లేదు. బస్సు పాసుకీ, పథకాలకీ ఆ శాతం కావాలి. దాని పని అది చేస్తుంది. మన తప్పల్లా, పథకం కోసం ఇచ్చిన అంకెని చదువు ప్లాన్ కోసం వాడటమే. బియ్యం కార్డు చూపించి ఈ రోజు కూర ఏం వండాలో అడిగినట్టు ఉంటుంది అది.

ఇప్పుడు మళ్ళీ మా అరుగు మీదికి రండి. టీచర్ గారు ఆ ఒక్కరోజుతో పూర్తి చేయలేదు. మూడుసార్లు వచ్చారు. రెండోసారి నేను వాడి నోటుపుస్తకాలు తెచ్చి చూపించాను. ఆరు పుస్తకాలు. అ నుంచి క్ష దాకా నిండుగా, గీత మీద నిలబెట్టి రాసిన అక్షరాలు. నాలుగేళ్ళు సాయంత్రం పూట దగ్గర కూర్చుని రాయించాను. చూసినవాళ్ళందరూ "దస్తూరి ఎంత బాగుందో" అనేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది.

టీచర్ గారు పలక మీద "మ" అని ఒక్క అక్షరం రాసి, "ఇదేంటి నాన్నా?" అన్నారు. వాడు పలక తీసుకుని, దాని కింద ఇంకో "మ" రాసి ఇచ్చాడు. అందంగా. "ఇది చదువు నాన్నా," అన్నారు. వాడు ఇంకోటి రాశాడు. అలా ఒక్కొక్కటే అడిగారు. వాడి పేరులో మొదటి అక్షరం తప్ప ఇంకేదీ గుర్తుపట్టలేదు. నాలుగేళ్ళు వాడు అక్షరాలని ముగ్గులాగా వేశాడు, అంతే.

నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి స్టవ్ మీద లేని పాలు చూసినట్టు నిలబడ్డాను. అత్తమ్మ వచ్చి ఏమీ అనకుండా నా చేతిలో గ్లాసు తీసుకుని మంచినీళ్ళు పోసి ఇచ్చింది.

కొట్టుకి పంపే విషయంలో నేను వాణ్ణి తక్కువ చేశాను. చదువు విషయంలో ఎక్కువ చేశాను. నా జాలి ఒకవైపు, నా గర్వం ఒకవైపు. ఆ కాగితం రెండిటినీ పట్టుకుంది. 48 అనే అంకె ఈ రెండిట్లో ఏ ఒక్కటీ నాకు చెప్పలేదు.

మూడో రోజు మా ఆయన కూడా పనికి వెళ్ళకుండా కూర్చున్నారు. నాన్న బండి మలుపు తిరగక ముందే చప్పుడు విని గేటు తీస్తాడని ఆయనే చెప్పారు. జీడిపిక్కలు కొలిచే రోజుల్లో పుచ్చువీ మంచివీ మాకంటే గబగబా ఏరుతాడని అత్తమ్మ చెప్పింది. టీచర్ గారు అవన్నీ "చేయగలిగినవి" అన్న చోట రాసుకున్నారు. "ఏరడం వచ్చినవాడికి, ఇది అదీ ఒకటి కాదు అని తెలుసు. అక్షరాలు అక్కడి నుంచి మొదలుపెడదాం," అన్నారు.

మొదటి మూడు నెలలకి మూడే మూడు పెట్టారు. మాట సాయంతో నాలుగు బొత్తాలూ పెట్టుకోవడం. మా వరసలోనే ఉన్న కొట్టు నుంచి ఒక వస్తువు తేవడం. చూడగానే గుర్తుపట్టేలా ఐదు మాటలు: వాడి పేరు, అమ్మ, నాన్న, బడి, నాతవరం. ఓనమాలు రాయించడం ఆపేయమన్నారు. అది నాకు చాలా కష్టమైంది.

హాస్టల్ సంగతి మా ఆయనే చిన్నాన్నగారికి చెప్పారు. "మూడు నెలలు చూస్తాం చిన్నాన్నా. మేం ఇక్కడ నేర్పనివి చాలా ఉన్నాయి. అవి నేర్పకుండా వాడికి రాదని ఎలా అంటాం?" ఆయన సరే అన్నారు. ఒప్పుకున్నారో లేదో తెలీదు గానీ, ఆ తర్వాత వచ్చినప్పుడల్లా వాణ్ణి వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళి బిస్కెట్లు వాడి చేతే అడిగిస్తున్నారు.

సెప్టెంబరులో మళ్ళీ చూశారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మెడ దగ్గర బొత్తం ఇంకా నేను చెబితేగానీ పెట్టడం లేదు. ఐదు మాటల్లో రెండే వచ్చాయి, వాడి పేరు, నాతవరం. నాతవరం ఎలా వచ్చిందంటే, బస్సు బోర్డు మీద రోజూ చూసి. మిగతా మూడింటికీ పద్ధతి మార్చారు. కొట్టు మాత్రం వచ్చేసింది. పది రూపాయలు ఇచ్చి చీటీ లేకుండా "టీ పొడి" అని చెబితే, వెళ్ళి తెస్తాడు. చిల్లర లెక్క తెలీదు. కొట్టాయన మంచివాడు కాబట్టి సరిపోతోంది. ఆ గడిలో ఎన్.ఇ. కొట్టేసి, కూడిక గుర్తు పెట్టారు.

మన ఇళ్ళల్లో ఇలాంటి పిల్లలు ఉన్న అమ్మలకి నా అనుభవంలో తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ప్లాన్ రాసేటప్పుడు పిల్లాడు బాగా చేసిన ఒక్కరోజు సంగతి చెప్పకండి, అస్సలు చేయని రోజు సంగతీ చెప్పకండి. పోయిన వారం మామూలుగా ఎలా చేశాడో చెప్పండి. "వచ్చు, రాదు" అని ఆపేయకుండా ఎవరు, ఎంత సాయం చేస్తే చేశాడో చెప్పండి. అందులోనే సగం ప్లాన్ ఉంటుంది.

వీలైతే చేయించి చూపించండి. నీళ్ళు తాగడం బిందె దగ్గర, చెప్పులు గడప దగ్గర. కొత్త చోట, ఆకలి మీద, నిద్ర లేకుండా చేసిన పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి. ఆ రోజు అలా ఉంది అని వాళ్ళకి చెప్పండి, రాయమనండి.

ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మనకి నచ్చకపోయినా సరే. ఆ రోజు మా అత్తమ్మ నోరు మూసుకుని ఉంటే, నా అబద్ధం మీదే ప్లాన్ అంతా కట్టేవాళ్ళు.

ఆ కాగితం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మూడు నెలలకోసారి తీసి చూడండి. మార్పు మన కళ్ళకి రోజూ కనబడదు. తాండవ జలాశయం నిండటం కూడా రోజూ వెళ్ళి చూస్తే తెలీదు, గట్టు మీద కొలత చూస్తేనే తెలుస్తుంది.

మొన్న సాయంత్రం చుట్టాలొచ్చారు. పాలు విరిగిపోయాయి. నేను పొయ్యి దగ్గర హడావిడిగా ఉన్నాను. "ఒరే, పాల ప్యాకెట్ తెస్తావా?" అని అలవాటులో పెద్దదాన్ని పిలిచినట్టు పిలిచేశాను. చిన్నోడే లేచాడు. డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. వాడికి పాల ప్యాకెట్ మేం ఇంకా నేర్పలేదు. ప్లాన్‌లో టీ పొడే ఉంది. నేను గుమ్మం దాకా వచ్చి, వెనకాల వెళ్ళాలా వద్దా అని నిలబడ్డాను. అత్తమ్మ చేయి పట్టి ఆపింది.

వాడు తిరిగొచ్చాడు. చేతిలో పెరుగు ప్యాకెట్.

చుట్టాలకి ఆ రోజు టీకి బదులు మజ్జిగ ఇచ్చాను. రాత్రి కాపీ కాగితం తీసి, పెన్సిల్‌తో కింద రాసుకున్నాను: పాలకీ పెరుగుకీ తేడా, ఇంకా నేర్పాలి.